ఎడమ చెవి గోమార్లు

వీధిలో ఎవరి కుక్క ఎదురైనా సరే, వంగి చెవి తిప్పి చూడటం నాకు ఇప్పటికీ పోలేదు. "ముందు ఆ కుక్కని పట్టుకున్న మనిషి మొహం చూసి పలకరించండి, చెవులు తరవాత చూద్దురుగాని" అని మా ఆవిడ కేకలేస్తుంది. ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. ఉద్యోగమంతా పశువుల డాక్టరుగానే గడిచింది. మనిషి కంటే ముందు అతని చేతిలో ఉన్న తాడు చివర ఏముందో చూడటం అలవాటైపోయింది.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు, కనబడినప్పుడల్లా, "మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్" అంటారు. అడ్డం తిరిగిన దూడని ప్రాణాలతో బయటికి తీసిన కథేదో చెప్తానని వాళ్ళ ఆశ. అలాంటివీ ఉన్నాయి, ఎవరికి లేవు? కానీ నాకు ముందు గుర్తొచ్చేది కుక్క గోమార్లు. నవ్వకండి. గోమారి అంటే తెలుసుగా, కొన్ని ఊళ్ళలో పిడుదు అంటారు. పశువుల చర్మానికీ కుక్కల చెవులకీ కరుచుకుని రక్తం తాగే పురుగు. ఈ కథంతా దాని గురించే.

తొంభైల నడుమ సంగతి. నన్ను భీమవరం అవతల, ఉప్పుటేరుకి దగ్గరగా ఉన్న ఒక ఊరికి వేశారు. అప్పటికే ఆ చుట్టుపక్కల వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేసేస్తున్నారు. చేను పోతే గడ్డి పోతుంది, గడ్డి పోతే గొడ్డు పోతుంది. ఇంటి గేదెల్ని అమ్మేసి, పాలు ప్యాకెట్లలో కొనుక్కోవడం మొదలుపెట్టారు జనం. పశువుల్లేని ఊరికి పశువుల డాక్టర్ని నేను. పొద్దున్నే ఆస్పత్రి తలుపు తీసి, ఎవరైనా వస్తారేమోనని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎప్పుడైనా ఒక మేకపిల్ల వస్తే పండగలా ఉండేది.

మా ఆవిడ రాజమండ్రిలో టీచరు. ఆవిడకి ఇటు బదిలీ కాలేదు, నాకు అటు కాలేదు. శనివారం సాయంత్రం బస్సెక్కి వెళ్ళడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. మిగతా రోజులన్నీ అద్దె గదిలో ఒక్కణ్ణే. అన్నం ఎదురుగా పెట్టుకుని, రేడియోలో వార్తలు చదివేవాడికి జవాబులు చెప్తూ తినేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. "బాగున్నారాండీ డాక్టరుగారూ" అని ప్రతివాళ్ళూ అడిగేవారు. గోదావరి జిల్లాల్లో పలకరింపులకేం కరువు? కానీ నా జవాబు వినడానికి ఆగే తీరిక ఎవరికీ లేదు. అందరికీ రొయ్యలే ధ్యాస. కిలోకి ఎన్ని తూగాయి, అంటే కౌంటు ఎంత పడింది, మేత ఎంత తింది, ఐసు లారీ వచ్చిందా రాలేదా. నాతో ఎవరికీ పని లేదు. ఎవరికీ పనికిరాని మనిషిగా రోజు గడపడం ఎంత కష్టమో నాకు ఆ ఊళ్ళోనే తెలిసింది.

ఆస్పత్రిలో నాకు తోడు మా కాంపౌండరు. ఆ ఊరివాడే. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, మిగతా రోజుల్లో నా బుర్ర వాయించేవాడు. సాయంత్రం కాగానే సైకిలెక్కి పిల్లల దగ్గరికి పోయేవాడు. అతన్నేమనగలను? అతనికి ఇల్లుంది.

అలాంటి రోజుల్లో పై ఆఫీసు నుంచి ఒక పని వచ్చింది. పట్నాల్లో పెంపుడు కుక్కలు గోమార్ల వల్ల వచ్చే జ్వరంతో చచ్చిపోతున్నాయట. మన వైపు కుక్కల మీద ఏ రకం గోమార్లున్నాయి, ఏ కాలంలో ఎక్కువ, ఏ కాలంలో తక్కువ, ఏడాది పొడుగునా చూసి చెప్పమన్నారు. మిగతా డాక్టర్లంతా మా పశువులతోనే మాకు సరిపోతోందని తప్పుకున్నారు. తప్పుకోవడానికి నాకు వంక దొరకలేదు. నిజానికి వెతకలేదు కూడా.

"ఇంత చదువు చదివి కుక్కలకి పేలు చూడ్డమేంటండీ!" అని మా కాంపౌండరు ముక్కున వేలేసుకున్నాడు.

పని చిన్నదే. పట్టకారుతో గోమారిని తల తెగకుండా లాగాలి, స్పిరిటు సీసాలో వెయ్యాలి, తరవాత మైక్రోస్కోపు కింద పెట్టి జాతి తేల్చాలి. ఎక్కువగా దొరికేది గోధుమరంగు కుక్క గోమారి. రిపిసెఫాలస్ అని మొదలై ఎక్కడికో పోయే పేరు దానిది. పశువుల పాకల్లో పడుకునే కుక్కల మీద గేదెల గోమారి ఒకటీ అరా కనిపించేది. కాలాల సంగతి కూడా తేలుతూ వచ్చింది. ఎండలు ముదిరేటప్పుడు పెరగడం మొదలై, వానల్లో కుక్కల చెవులు గోమార్లతో నిండిపోయేవి. ధనుర్మాసం చలికి తగ్గిపోయి, వెతికితేగాని దొరికేవి కావు. అన్ని కుక్కల లెక్కా ఇలాగే ఉంది, ఒక్క కుక్కది తప్ప.

ఆ కుక్క ఊరికి దూరంగా ఒక రొయ్యల చెరువు గట్టు మీద ఉండేది. గట్టు మీద కాపలా పాకని అక్కడివాళ్ళు మకాం అంటారు. ఆ తాటాకు మకాంలో కుక్కతోపాటు ఒక కాపలా మనిషి. యాభై దాటినవాడు. భార్య పోయింది, కూతురు పెళ్ళై తణుకు వైపు ఎక్కడో ఉంది. చెరువు తవ్వకముందు అదే నేలలో వరి కోసిన కూలీ అతను.

"ఇక్కడేనండి, ఇప్పుడు మీరు నిలబడ్డ చోటేనండి, ఊడుపులకి ఆడోళ్ళు వరసగా దిగేవోరు. ఒకటే గోల. ఒకళ్ళ మాట ఒకళ్ళకి ఇనపడేది కాదు. ఇప్పుడు చూడండి, నీళ్ళల్లో తిరిగే ఆ ఫ్యాన్ల మోత తప్పితే ఏముందండి?" అన్నాడు నేను మొదటిసారి వెళ్ళినప్పుడు.

అతను కుక్కని కూడా అండి అనేవాడు. "లెగండి లెగండి, డాక్టరుగారొచ్చారు, చెవి చూపించండి." నేను పకపకా నవ్వితే, "మరేం చెయ్యమంటారండి. రోజుకోసారైనా ఎవర్నో ఒకర్ని అండి అనకపోతే నోరు పాచిపోద్దండి" అన్నాడు. నవ్వు ఆగిపోయింది నాకు.

నెలనెలా వెళ్ళేవాణ్ణి. వెళ్ళేసరికి మకాం ముందు చిమ్మి, మంచం వాల్చి ఉండేది. బెల్లం టీ కాచి ఇచ్చేవాడు. గోమార్లు తియ్యడం కాసేపట్లో అయిపోయేది. ఆ తరవాత పొద్దు వాలేదాకా కబుర్లు. వరదలో గేదె తోక పట్టుకుని ఏటికి అడ్డంపడి వచ్చిన సంగతి, కోరుకొండ కొండ మెట్ల మీద భార్య తప్పిపోతే భయపడి ఏడ్చిన సంగతి, అన్నీ చెప్పేవాడు. నేనూ చెప్పేవాణ్ణి, మా ఆవిడకి కూడా చెప్పని విషయాలు. చెరువు కుక్క లేకపోతే సర్వే పూర్తికాదని కాంపౌండరుతో అనేవాణ్ణిగానీ, ఊళ్ళో కుక్కలకేం తక్కువ? ఆ మనిషి కోసం వెళ్ళేవాణ్ణి. నాకూ దిక్కు లేదు మరి.

గోమార్లు తీశాక కుక్కగలవాళ్ళకి మందు సీసా ఇవ్వడం నా పద్ధతి. ఆ మందు నీళ్ళలో కలిపి ఒళ్ళంతా పట్టించాలి. ఆ ప్రాంతంలో దానంటే భక్తీ ఉంది, భయమూ ఉంది. చేపల చెరువుల వాళ్ళు చేపకి పట్టే పేను చావడానికి అదే మందు మా దగ్గర అడిగి పట్టుకెళ్ళేవారు. రొయ్యల చెరువులో పడిందంటే మాత్రం కొంప కొల్లేరే. గోమారీ రొయ్యా దూరపు చుట్టాలు, దాన్ని చంపేది దీన్నీ చంపుతుంది. అందుకే అతనికి సీసా ఇచ్చిన ప్రతిసారీ, "కుక్కని ఊళ్ళోకి తీసుకెళ్ళి పంచాయతీ కుళాయి దగ్గర పట్టించు. చెరువు దరిదాపుల్లో మూత కూడా తియ్యకు" అని మరీమరీ చెప్పేవాణ్ణి. "అలాగేనండి" అనేవాడు.

నెల తిరిగి వెళ్తే కుక్క ఒళ్ళంతా శుభ్రంగా ఉండేది. ఎడమ చెవిలో మాత్రం గోమార్లు. మందు చెవి మడతలోకి అందలేదేమో అనుకున్నాను. మర్నెలా అంతే. ధనుర్మాసంలో ఊరి కుక్కలన్నీ శుభ్రంగా ఉంటే, దీని ఎడమ చెవిలో ఆముదం గింజల్లా ఉబ్బిన గోమార్లు సిద్ధం. నా బుర్ర పాడైపోయింది. ఉప్పు గాలి వల్లనా? మందుకి లొంగని కొత్త రకమా? మైక్రోస్కోపు కింద పెడితే మామూలు కుక్క గోమారే. రాజమండ్రి వెళ్తూ దారిలో దిగి మా పై అధికారికి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఇది మామూలు విషయం కాదయ్యా. ఎడమ చెవే ఎందుకు? దీన్ని మాత్రం వదలకు."

కుక్క ఎడమ పక్కకి తిరిగి పడుకుంటుందేమోనని ఆయన, ఆ చెవి నేలకి తగిలి తేమ పడుతుందేమోనని నేను, టీల మీద టీలు తాగుతూ చర్చించుకున్నాం. మేమిద్దరం చదువుకున్నవాళ్ళం కదా, కారణం పురుగులోనే ఉంటుందనుకున్నాం.

మళ్ళీ వానలొచ్చాయి. ఒక పొద్దున నేను ఆస్పత్రి తాళం తీస్తుండగా కాంపౌండరు రొప్పుతూ వచ్చి సైకిలు గోడకి పడేశాడు.

"ఆ గట్టు మీద రొయ్యలన్నీ చచ్చి ఒడ్డుకొచ్చేస్తున్నాయంటండి. కాపలావోడు కుక్కకి గోమార్ల మందు పట్టించి తూము దగ్గర కడిగాడంట. ఆణ్ణి గట్టు మీద కూచోబెట్టేశారు. చెరువు ఆసామి వచ్చాడు, ఇంకా జనం వస్తున్నారు. మందు మీరిచ్చిందే కదండీ! నా మాటిని సెలవు చీటీ రాసిచ్చేసి రాజమండ్రి బస్సెక్కెయ్యండి. లేపోతే ఇది మీ మెడకి చుట్టుకుంటది."

నా మేలు కోరే చెప్పాడు. తీసిన తాళం మళ్ళీ వెయ్యబోయాను, దాచడం ఎందుకు? కానీ నేను బస్సెక్కితే ఆ మనిషి చేశాడనే అందరూ అనుకుంటారు. ముందు నాలుగు తన్నులు తింటాడు. ఆ తరవాత రొయ్యలు చంపినవాడన్న మచ్చతో ఉప్పుటేటి పొడుగునా ఏ గట్టు మీదా అతనికి పని దొరకదు. ఆ వయసులో, ఆ పని తప్ప ఇంకేమీ మిగలని చోట, ఎక్కడికి పోతాడు? నేను మోపెడ్ తీశాను. "చెప్తే ఇనరు కదా" అని గొణుక్కుంటూనే కాంపౌండరు వెనకాల ఎక్కాడు.

గట్టు మీద కంపు. టైగర్ రొయ్యలు ఎర్రబారి అంచు పొడుగునా తేలుతున్నాయి. ఇంకో రెండు వారాల్లో పట్టాల్సిన పంట. చెరువు ఆసామి దుర్మార్గుడేం కాదు, ఏడ్చినట్టున్నాడు, కళ్ళు వాచి ఉన్నాయి. అతని పక్కన మేత డీలరు, ఇంకా చుట్టు చెరువుల వాళ్ళు. వాళ్ళ మధ్య నేల మీద మా కాపలా మనిషి, ఒళ్ళో తువ్వాలు, తువ్వాలు మీద కుక్క తల.

"తూము దగ్గర కుక్కని కడుగుతుంటే నా కళ్ళారా చూశానండి" అన్నాడు మేత డీలరు నన్ను చూడగానే.

"కడిగానండి. బురదైతేనండి. ఒట్టి నీళ్ళేనండి" అన్నాడు కాపలా మనిషి తలెత్తకుండా.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఎవరు నమ్ముతారు?

"మందు ముట్టుకోలేదండి. కావాలంటే చూసుకోండి. డాక్టరుగారిచ్చిన సీసాలన్నీ అలాగే ఉన్నాయండి."

అందరూ నావైపు చూశారు. అతను లేచి మకాం చూరులో చెయ్యిపెట్టి ఒక్కొక్క సీసా తీసి మంచం మీద పెట్టాడు. ఒక్కదానికీ సీలు తెగలేదు. నేను నోరు తెరిచేశాను. మరి ఇన్నాళ్ళూ కుక్క ఒళ్ళు శుభ్రంగా ఎలా ఉంది?

"బజార్లో ఇంకోటి కొనుక్కున్నాడేమో! దొరకదా ఏంటి?" అన్నాడు డీలరు. అదీ నిజమే.

నాకు అప్పుడు తట్టింది. కుక్క దగ్గర కూర్చుని ఎడమ చెవి తిప్పాను. ఉన్నాయి. నిండుగా ఉబ్బినదాన్ని ఒకదాన్ని లాగి ఆసామి అరచేతిలో పెట్టాను. అది కాళ్ళాడిస్తోంది. ఆయన చెయ్యి విదిలించుకోబోయాడు.

"చూడండి బాబూ. ఆడ గోమారి ఇంత కావాలంటే వారం పైన పడుతుంది. మందు పడ్డ కుక్క మీద ఇది బతకదు. ఈ వారంలో ఈ కుక్కకి మందు తగల్లేదు. నేను సంతకం పెట్టి ఇస్తాను."

ఆసామి తటపటాయించాడు. డీలరు ఊరుకోలేదు, తెలివైనవాడు. "ఒళ్ళంతా నున్నగా ఉంది కదండీ డాక్టరుగారూ. ఒళ్ళంతా మందుతో కడిగి ఆ చెవొక్కటీ వదిలేశాడేమో!"

"చేత్తో ఏరతానండి" అన్నాడు కాపలా మనిషి. "రోజూ పొద్దున్నే ఏరి కిరసనాయిల్లో వేసేస్తానండి."

"రోజూ ఏరేవోడివి ఆ చెవెందుకొదిలేశావురా?" అన్నాడు డీలరు.

కాపలా మనిషి ఆ చెవిని అరచేత్తో కప్పాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకడు చొక్కా చేతులు మడుస్తున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు రాకపోతే అతని పని అయిపోయినట్టే.

"చెప్పవయ్యా!" అని అరిచాను నేను. భయంతో అరిచాను.

అతను కుక్క తల నిమురుతూ, నావైపు చూడకుండా అన్నాడు.

"అది డాక్టరుగారి చెవండి. పురుగుల్లేపోతే ఆయన రావడం మానేస్తారు కదండీ. నాతో ఆయనకి వేరే పనేముంటదండి?"

ఎవరూ నవ్వలేదు. కాంపౌండరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆసామి ఆ గోమారిని నేల మీద వదిలి, అతని వంక చూసి, "లే. లేచి మంచం మీద కూచో" అన్నాడు. అంతే. తప్పించుకోవడానికి అలాంటి అబద్ధం ఎవడూ ఆడడు. ఆ సంగతి డీలరుకి కూడా అర్థమైంది.

వారం తిరక్కుండా చుట్టుపక్కల చెరువుల్లోనూ రొయ్యలు తేలిపోయాయి, డీలరు సొంత చెరువుతో సహా. పెంకుల మీద తెల్ల మచ్చలు వేసే తెగులు తీరమంతా చుట్టేసింది. ఇక కాపలా మనిషి మాటెత్తినవాళ్ళు లేరు.

నాకు మాత్రం ఆ రోజు గట్టు మీద కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కుక్క పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు కాస్త పాలిపోయి ఉన్నాయి. "నీకు బుద్ధుందా? నోరులేని జీవి రక్తం పోసి నన్ను పిలుస్తావా? రమ్మని ఒక్క మాట అంటే రానా?" అని అందరి ముందూ తిట్టాను. "తమర్ని ఊరికే ఎలా రమ్మంటానండి" అన్నాడు. కుక్కని పంచాయతీ కుళాయి దగ్గరికి నడిపించుకెళ్ళి, నేనూ కాంపౌండరూ కలిసి రెండు చెవులకీ మందు పట్టించాం. మకాం తాటాకులు కూడా మార్పించాను. పొయ్యి వెచ్చదనానికి ఆ సందుల్లో గోమార్లు చలికాలం కూడా పిల్లలు పెడుతున్నాయి మరి.

ఎడమ చెవి సంగతి తేలిందా అని మా పై అధికారి అడిగాడు. తేలిందండి, కాపలా మనిషి ఆ చెవి వదిలేసి మిగతా ఒళ్ళంతా చేత్తో ఏరుతున్నాడు అన్నాను.

"ఎందుకలా?"

"అది మన సబ్జెక్టు కాదండి" అన్నాను. ఆయన నిరాశపడ్డాడు. పురుగుల శాస్త్రానికి మేము చెయ్యబోయిన మేలు అలా గాల్లో కలిసింది.

మర్నెల నేను గట్టు మీదికి వెళ్దామనుకుంటూనే రెండుసార్లు ఆగిపోయాను. ఏ పని పెట్టుకుని వెళ్ళాలో తెలియలేదు. ఇంత వయసొచ్చి, ఒక మనిషిని ఊరికే చూడటానికి వెళ్ళడం చేతకాలేదు నాకు.

చెరువు ఎండగట్టేశారు. ఎండిన చెరువుకి కాపలా ఎందుకు? ఆసామి తనే మాట సాయం చేసి అతనికి భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో గేటు దగ్గర పని చూశాడట. ఈ సంగతి నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. ఆస్పత్రి ముందు ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో కుక్క తాడు పట్టుకుని అతను నిలబడి ఉన్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆస్పత్రికి రాలేదు.

కాంపౌండరు అలవాటు కొద్దీ అడిగాడు. "కుక్కకేమైంది?"

"ఏం కాలేదండి."

"మందేమైనా కావాలా?"

"అక్కర్లేదండి."

"మరెందుకొచ్చావయ్యా?"

అతను నావైపు చూశాడు. సిగ్గుపడుతూ తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"ఏం లేదండి. పనేం లేపోయినా రావచ్చేమో చూద్దామని వచ్చానండి."

నేను కుర్చీలోంచి లేచి వెళ్ళి, బయట పశువులవాళ్ళు కూర్చునే బల్ల మీద అతన్ని కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. భీమవరం బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరం దాన్ని చూశాం, ఎవరం లేవలేదు.